ఘనపూర్ అంటే ఏ ఘనపూర్? ఇంటర్నెట్ కాల్ అడ్రస్‌లో @ తర్వాత ఏముంది

మాది లింగాల ఘనపూర్. ఉత్త "ఘనపూర్" అంటే ఏమైతదో మా అక్క పెళ్లప్పుడు చూసిన. ఓ మామ సికింద్రాబాద్‌లో రైలెక్కిండు. జనగామలో దిగాల్సినోడు అది దాటిపోయి స్టేషన్ ఘనపూర్‌లో దిగి, "పెళ్లెక్కడరా?" అని ఫోన్ చేసిండు. పెళ్లివాళ్ల పేరు కరెక్టే. ఊరే తప్పు.

ఇంటర్నెట్ కాల్ అడ్రస్ కూడా గిట్లనే. దీన్ని సిప్ అడ్రస్ అంటరు, ఇప్పుడు వాడే సిప్ స్టాండర్డ్ 2002ది. మల్లేశం@లింగాలఘనపూర్ అనుకోండి. @ ముందు యూజర్, తర్వాత డొమైన్. కాల్ దారి పట్టేది డొమైన్‌ను చూసే. ఆ డొమైన్ సర్వర్ ఎక్కడుందో డీఎన్ఎస్ చెప్తది. అక్కడికి చేరినంక, మల్లేశం ఇప్పుడు ఏ ఫోన్‌లో ఉన్నడో ఆ సర్వరే తన లిస్టులో వెతుకుతది. స్టేషన్ ఘనపూర్‌లో కూడా ఒక మల్లేశం ఉండొచ్చు, ఆయన వేరే మనిషి.

జాబ్‌లో చేరిన కొత్తల ఒక కాల్ కలవక పూటంతా పోయింది. 404 అని వస్తుంటే నేను డీఎన్ఎస్‌ను తవ్వుతున్న! 404 అంటేనే సర్వర్ దొరికింది, మనిషి దొరకలేదు అని. చివరికి చూస్తే యూజర్ పేరులో ఒక క్యాపిటల్ లెటర్. డొమైన్‌లో చిన్నదైనా పెద్దదైనా ఒకటే, యూజర్‌లో మాత్రం లెక్కే.

మీ 4జీ వోల్టీ కాల్ వెనక కూడా సిప్ అడ్రస్సే ఉంటది, బయటికి కనబడదు అంతే.

ఇప్పుడు అసలు డేంజర్. ఈ రెండూ కాక, డిస్‌ప్లే నేమ్ అని ఇంకోటుంది. అది కాల్ చేసేవాడే రాసుకోవచ్చు. "బ్యాంక్ మేనేజర్" అని కూడా. అడ్రస్ కనబడితే డొమైన్‌ను కుడి చివర నుంచి చదవండి: మీబ్యాంక్.ఏదో.కామ్ అంటే అది ఏదో.కామ్ వాళ్లది, బ్యాంక్‌ది కాదు. మధ్యలో నెట్‌వర్క్ చెక్ చేయకపోతే అడ్రస్‌నే దొంగది పెట్టొచ్చు.

మా బాపుకు అట్లాంటి కాల్ వచ్చింది, పేరు బ్యాంక్‌దే. ఓటీపీ అడిగిండ్రు. కట్ చేసి, కార్డు వెనకున్న నంబర్‌కు మనమే చేద్దాం అన్న. చేస్తే, "మేమెవరం చేయలేదండీ" అన్నరు.