ఆహ్వాన పత్రికలో రెండు తప్పులు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఆహ్వాన పత్రికలో నా పేరు కింద 'ఐరన్‌మ్యాన్ పోటీ పూర్తిచేసిన మన సభ్యులు' అని అచ్చు వేయించారు. అభిమానం కొద్దీ వేయించారు, సందేహం లేదు. కానీ నేను ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. రికార్డులో తప్పు కనబడితే కొట్టేసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెడితేగానీ నాకు నిద్ర పట్టదు. ఆ వాక్యంలో తప్పులు రెండున్నాయి. ఒకటి, నేను వెళ్ళింది పూర్తి ఐరన్‌మ్యాన్‌కి కాదు, అందులో సగానికి. రెండు, ఆ సగం కూడా నేను పూర్తి చేయలేదు.

ముందు ఆ పోటీ ఏమిటో చెబుతాను. 1978 ఫిబ్రవరిలో అమెరికావారి హవాయి దీవుల్లో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి, ఆయన భార్య జూడీ కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఈతగాడు గట్టివాడా, సైకిలు తొక్కేవాడా, పరుగెత్తేవాడా అనే వాదన తెగక, మూడూ ఒకేరోజు ఒకే మనిషి చెయ్యాలన్నారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, పైన 42 కిలోమీటర్ల పరుగు. మొదటిసారి పదిహేనుగురు దిగితే పన్నెండుగురు గమ్యం చేరారు. గార్డన్ హాలర్ అనే ఆయన 11 గంటల 46 నిమిషాల్లో ముగించి గెలిచాడు. రెండో స్థానం వచ్చినాయనకి దారిలో మంచినీళ్ళు అయిపోతే, వెంట ఉన్న మిత్రులు బీరు పట్టించారట. ఇది మాత్రం మీరెవరూ అనుసరించవద్దు.

అందులో సగం కొలతల పోటీని 70.3 అంటారు. మొత్తం మైళ్ళ లెక్క అది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. మన దేశంలో ఈ 70.3 మొదటిసారి 2019 అక్టోబరు 20న గోవాలో, పణజి పక్కన మీరామార్ బీచిలో జరిగింది. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు.

ఈ వయసులో ఇదేం పిచ్చి అని మీరు అడగవచ్చు. మా ఇంటావిడ అడగనే అడిగింది. నేను 2011లో రిటైరయ్యాను. మరుసటి ఏడే షుగరు బయటపడింది. డాక్టరుగారు నడవమన్నారు, నడిచాను. నడక పరుగైంది. మోకాలు నొప్పెడితే కొన్నాళ్ళు ఈత కొట్టమన్నారు. కోనసీమలో పుట్టినవాణ్ణి, కాలవలో తాటిదుంగ పట్టుకుని ఈత నేర్చినవాణ్ణి, స్విమ్మింగ్ పూల్ నాకో లెక్కా? సైకిలంటారా, రాజమండ్రిలో ఆఫీసుకి స్కూటరు కొనేదాకా పద్దెనిమిదేళ్ళు తొక్కాను. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఇదంతా చూసి, "నాన్నా, మూడూ విడివిడిగా చేస్తూనే ఉన్నారు. కలిపి చేస్తే దానికో పోటీ ఉంది" అన్నాడు. వాడు వేళాకోళానికే అన్నాడని ఇప్పటికీ నా అనుమానం.

హిరోము ఇనాదా అనే జపాను పెద్దాయన సంగతి కూడా వాడే చెప్పాడు. ఆయన విలేకరిగా పనిచేసి రిటైరయ్యాక ఈత మొదలెట్టి, డెబ్బయ్యో ఏట ఈ పోటీల్లోకి వచ్చాడు. 2015లో హవాయిలో 5 సెకండ్ల ఆలస్యంతో గడువు తప్పాడు. పట్టు వదలక, 2018లో ఎనభై అయిదేళ్ళ వయసులో అదే పోటీ పూర్తిచేశాడు. నేను ఉత్సాహంగా ఈ కథ మా ఇంటావిడకి చదివి వినిపిస్తే, "ఆయనకి షుగరుందా?" అంది. అబ్బాయి దగ్గర ఆ సమాచారం లేదు.

చివరికి డాక్టరుగారి దగ్గర రాజీ కుదిరింది. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి గుండె పరీక్ష చేశారు. బాగానే ఉంది. నేను వేసుకునే మాత్రల్లో గ్లిమిపిరైడ్ ఒకటి. తిండితో, శ్రమతో పనిలేకుండా అది షుగరుని దించుతూనే ఉంటుంది. పైగా శ్రమ చేసే కండరాలు ఇన్సులిన్ లేకపోయినా రక్తంలోని చక్కెర లాగేసుకుంటాయి. రెండూ కలిస్తే మనిషి దారిలో పడిపోవచ్చు. ఆ రోజుకి ఆ మాత్ర మానేయమని, నడుముకి కట్టుకునే సంచీలో గ్లూకోమీటరు, గ్లూకోజు పొడి పెట్టుకోమని చెప్పి, చీటీ మీద ఒక అంకె రాశారు. 80. అంతకి తగ్గితే ఆ రోజుకి పోటీ ఆపాలి. ఆ చీటీ మా ఇంటావిడ తన పర్సులో పెట్టుకుంది. ఆమె షరతు కూడా అదే. మాటిచ్చాను.

ఏడాది సాధన చేశాను. తెల్లవారకముందే అబ్బాయి ఇచ్చిన సన్న చక్రాల సైకిలు మీద వంతెన దాటి కొవ్వూరు, ఆదివారాలు రావులపాలెం పోయి వచ్చేవాణ్ణి. బూట్లు పెడలుకి బిగిసిపోయే రకం అది. కాలు తియ్యడం మరిచి సిగ్నలు దగ్గర రెండుసార్లు నిలువునా పడ్డాను. లేపినవారిలో మన సంఘ సభ్యులొకరున్నారు. పేరు చెప్పవద్దన్నారు. సముద్రంలో ఈత అలవాటు కోసం విశాఖ వెళ్ళి రుషికొండ బీచిలో నాలుగుసార్లు దిగాను. కాలవ వేరు, సముద్రం వేరు. కాలవలో గట్టు కనబడుతుంది. సముద్రంలో తలెత్తితే అల, దించితే ఉప్పునీళ్ళు.

మీరామార్ దగ్గర మాండవి నది సముద్రంలో కలుస్తుంది. ఆ రోజు ఉదయం ఇసుకలో వందలమంది రంగు టోపీలతో నిలబడి ఉంటే పుష్కరాల రేవు గుర్తొచ్చింది. నీళ్ళలోకి దిగేముందు షుగరు 186 ఉంది. కంగారుకి కూడా షుగరు పెరుగుతుంది, మనలో చాలామందికి తెలిసిన సంగతే. ఈత 58 నిమిషాల్లో అయింది. గడువు 70 నిమిషాలు. కుర్రాళ్ళ కాళ్ళు మొహానికి తగిలాయి, ఉప్పునీళ్ళు తాగాను, అంతే.

సైకిలు దగ్గరే నా లెక్క తప్పింది. గోదావరి గట్టున చదునుగా తొక్కినవాణ్ణి, గోవా ఎత్తుపల్లాలు నాకు కొత్త. పైగా ఒకరి వెనక ఒకరు గాలి చాటున తొక్కకూడదు, 12 మీటర్ల ఎడం ఉండాలి. నాకు ఆ బెంగ లేదనుకోండి. నా ముందున్నవాళ్ళు కనబడితే కదా! తిరిగిన రోడ్డే మళ్ళీ మళ్ళీ తిరగాలి. మన సైన్యంలో పనిచేసే మణిపూర్ యువకుడు బిశ్వోర్జిత్ సింగ్ అయిదు గంటలు నిండకుండానే మొత్తం పోటీ ముగించి గెలిచాడు. అప్పటికి నేను ఇంకా సైకిలు మీదే ఉన్నాను. మొదలుపెట్టిన అయిదున్నర గంటల్లోపు సైకిలు అప్పగించాలి. నేను 5 గంటల 21 నిమిషాలకి అప్పగించాను. మార్చి 31 సాయంత్రం ఖజానా కౌంటరు మూసే ముందు బిల్లు పెట్టిన అనుభవం ఉన్నవారికి ఆ తొమ్మిది నిమిషాల విలువ చెప్పనక్కరలేదు.

ఇక పరుగు. అబ్బాయి, మా ఇంటావిడ మలుపు దగ్గర చెట్టునీడన నిలబడ్డారు. బయటివారు ఏమీ అందించకూడదు, అందిస్తే పోటీ నుంచి తీసేస్తారు. అందుకని ముందే ఒక ఏర్పాటు చేసుకున్నాం. చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా నేను వేలికి సూది గుచ్చుకుని చూసుకుంటాను, పదికి ఒక వేలు చొప్పున చూపిస్తాను. ఏడు కిలోమీటర్ల దగ్గర 112. రెండు చేతులూ చాచి, మళ్ళీ ఒక వేలు చూపించాను. ఆవిడ తల ఊపింది.

రెండోసారి, పధ్నాలుగో కిలోమీటరు దగ్గర చూసుకుంటే 78.

కొద్దిగా చెమట, చేతులు సన్నగా వణుకు. గడువుకి ఇంకా గంట ఉంది. మిగిలింది ఏడు కిలోమీటర్లు. రెండంకెలేగా తేడా, గ్లూకోజు వేసుకుంటే పెరుగుతుందిగా అనుకున్నాను. మిత్రులారా, సర్వీసంతా దొంగ ఎంట్రీ ఒక్కటి వేయలేదని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. ఆ మలుపు దగ్గర ఏడు వేళ్ళు చూపించాల్సింది పోయి తొమ్మిది చూపించి ముందుకు సాగాను.

కిలోమీటరు పోయేసరికి రోడ్డు కాస్త పక్కకి ఒరిగినట్టనిపించింది. అంచున కూర్చుని మళ్ళీ చూసుకున్నాను. 74. గ్లూకోజు మూడు చెంచాలంత నీళ్ళలో కలుపుకుని తాగి, డాక్టరుగారు చెప్పినట్టు పావుగంట కూర్చున్నాను. ఒక వాలంటీరు అమ్మాయి వచ్చి మంచు ముక్కలు ఇచ్చి, "అంకుల్, ఆర్ యూ ఓకే?" అని పదేపదే అడిగింది. పావుగంట తరువాత 91. లేచి నిలబడ్డాను. కళ్ళు తేటపడ్డాయి. గడువుకి ఇంకా సుమారు అరగంట ఉంది. ఎంత లాక్కున్నా ఆ వేగం నాకు రాదని లెక్క చెబుతోంది, ఇనాదాగారి 5 సెకండ్లు గుర్తొచ్చి కాళ్ళు ముందుకే లాగుతున్నాయి. అటు నాలుగడుగులు వేశాను కూడా. తరువాత వెనక్కి తిరిగి, వచ్చిన దారినే నడిచి చెట్టు దగ్గరికి వెళ్ళాను. అక్కడున్న అధికారికి కాలికి కట్టిన చిప్ విప్పి ఇచ్చేశాను.

మా ఇంటావిడతో, "ఇందాక నేను చూపించింది అబద్ధం. డెబ్బై ఎనిమిదే ఉంది" అన్నాను.

"తెలుసు" అంది. "నిజంగా తొంభై ఉంటే ఊరంతా వినబడేలా అరిచి చెప్పేవారు. తలొంచుకుని వేళ్ళు చూపించి పోయారు." ఆ మాట అని, పర్సులోంచి బిస్కట్ల పొట్లం తీసి చేతిలో పెట్టింది. ఆ తరువాత హోటలు గదికి వెళ్ళేదాకా నాతో మాట్లాడలేదు. నేను అటు వెళ్ళినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా ఆవిడ ఆ చెట్టు కింద ఎలా నిలబడిందో అబ్బాయి రాత్రి నాకు చెప్పాడు. అది ఇక్కడ చెప్పను.

ఫలితాల జాబితాలో నా పేరుకి ఎదురుగా డి.ఎన్.ఎఫ్. అని మూడక్షరాలున్నాయి. ముగించలేదు అని అర్థం. పతకం లేదు. కరోనా వల్ల 2020లోనూ 2021లోనూ గోవాలో ఆ పోటీ జరగలేదు. 2022లో మళ్ళీ జరిగినా, నాకు మోకాలు సహకరించలేదు. ఇప్పుడు ఈత, నడక మాత్రమే ఉన్నాయి. పెద్ద శ్రమ చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు కనుక, పడుకునేముందు చూసుకోవడం మాత్రం మానలేదు. మాత్రలు వేసుకునే సభ్యులు ఈ సంగతి మీ డాక్టరుగారిని అడగండి.

మా ఇంట్లో షుగరు అంకెలకి ఒక రూళ్ళ పుస్తకం ఉంది. 2019 అక్టోబరు 20 పేజీలో నేను 90 అని రాయలేదు, అసలేమీ రాయలేదు. ఆ రాత్రి ఆవిడే పెన్ను తీసుకుని 186, 112, 78, 74, 91 అని వరసగా రాసి పుస్తకం నా ముందుకి తోసింది. 78 పక్కన పొట్టి సంతకం పెట్టాను. అప్పటినుంచి అంకెలు ఆవిడ రాస్తుంది, సంతకం నేను పెడుతున్నాను.

పత్రికలోని తప్పులు వచ్చే సంచికలో సవరించవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.