కార్ నికోబార్ నుండి వచ్చిన బాలిక

(ఒక మహిళా కళాశాల గ్రంథాలయ వారోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సభకు వచ్చేముందు మీ గ్రంథాలయం చూశాను. అక్కడ గోడమీద పెద్ద భారతదేశ పటం ఉన్నది. అండమాన్ నికోబార్ దీవుల కోసం వెదకగా కుడిప్రక్కన, అడుగున, కొన్ని చుక్కలు కనిపించాయి. ఆ చుక్కలలో సగం పటం ముద్రించినవారి చిరునామా క్రింద మరుగున పడ్డాయి. ఆ దీవులలో కొన్ని సంవత్సరాలు వ్యాయామోపాధ్యాయినిగా పనిచేసిన దానను గనుక ఆ దృశ్యం నాకు కొంచెం బాధ కలిగించింది. అందుచేత ఈనాడు ఆ చుక్కలలో ఒకదాని నుండి వచ్చిన బాలికను గురించి చెప్పదలచాను.

మనకు ఆ దీవులు పరాయివి కావు. విశాఖపట్నం రేవు నుండి సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. రంప పితూరీలో శిక్ష పడినవారిని ఓడ ఎక్కించింది ఆ దీవులకే. ఆ తరువాతి కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి కూలికి, చేపలవేటకు, చిన్న ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు. పాత అలవాటు కొద్దీ నేను పోర్ట్ బ్లెయిర్ అంటే మన్నించండి. అక్కడి బజారులో గంటసేపు తిరిగితే బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం, హిందీ అన్నీ చెవిన పడతాయి. పిల్లలు మాత్రం ఆటస్థలంలో ఏ ఇంటి భాషనూ మాట్లాడరు. అందరికీ ఒకటే దీవి హిందీ. వ్యాకరణ పండితులు వింటే కలవరపడతారు గాని, ఆటకు అది చక్కగా సరిపోతుంది.

పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా సుమారు 270 కిలోమీటర్లు వెళితే కార్ నికోబార్ వస్తుంది. ఉత్తరాన ఉన్న అండమాన్ దీవులవలె అక్కడ కొండలు లేవు. ఇంచుమించు చదునైన నేల, కొబ్బరితోటలు, తీరం వెంబడి ఊళ్లు. ఆ ఊళ్లలో నికోబారీలు 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబాలుగా జీవిస్తారు. తోట, పందులమంద, పడవ ఇవన్నీ తుహెత్‌వి, ఏ ఒక్కరివీ కావు. గిరిజన రక్షిత ప్రాంతం గనుక బయటివారు అనుమతిపత్రం లేకుండా అడుగుపెట్టరాదు. మగపిల్లలకు, ఆడపిల్లలకు ఆటలంటే ప్రాణం. ఫుట్‌బాల్, పడవ పందెం అక్కడ పండుగతో సమానం.

ఆ దీవిలో 1995లో డెబొరా హెరాల్డ్ జన్మించింది.

2004 డిసెంబరు 26వ తేదీ, క్రిస్మస్ మరునాటి ఉదయం, సుమత్రా తీరం దగ్గర మహా భూకంపం సంభవించింది. చదునైన కార్ నికోబార్‌లో ప్రజలకు ఎక్కడానికి మిట్ట లేదు. తీరపు ఊళ్లు కొట్టుకుపోయాయి. వాయుసేన స్థావరం సైతం ధ్వంసమైంది. అప్పటికి డెబొరాకు తొమ్మిదేండ్లు. నీళ్లు తరిమిన ఆ పిల్ల ఒక చెట్టును పట్టుకొని రోజుల తరబడి ఆకూ బెరడూ నమిలి ప్రాణం నిలుపుకొన్నదని తరువాత పత్రికలన్నీ వ్రాశాయి.

ఇక్కడ ఒక మాట మనవి చేయాలి. డెబొరాను గురించి వ్రాసినవారు చాలామంది ఈ చెట్టు దగ్గర ఆరంభించి ఈ చెట్టు దగ్గరనే ముగిస్తారు. మృత్యువును జయించిన బాలిక పతకాన్ని జయించడంలో వింత ఏమున్నదన్న ధోరణి అది. నాకు అది సమ్మతం కాదు. ఆనాడు ఆ దీవిలో చెట్లు ఎక్కి బ్రతికిన పిల్లలు మరికొందరు ఉన్నారు. వారంతా సైకిలు పందేలు గెలవలేదు. చెట్టు ఆమె ప్రాణం నిలిపింది, అంతవరకే. సైకిలు మీద ఆమెను నిలిపినది వేరు. అది సంవత్సరాల తరబడి సాగిన శ్రమ. దానిని గురించి మనం తక్కువగా చెప్పుకొంటాము, బహుశా అందులో కన్నీళ్లు తెప్పించే సంఘటనలు తక్కువగా ఉండడం చేత.

ఆ శ్రమ ఎటువంటిదో తెలియాలంటే ఆ పందెం ఎలా జరుగుతుందో మొదట తెలియాలి. మీరు కళాశాలకు తొక్కివచ్చే సైకిలుకు బ్రేకులు ఉంటాయి. పెడల్ ఆపినా ఫ్రీవీలు చలవ వల్ల చక్రం తిరుగుతూ ఉంటుంది. ట్రాక్ సైకిలుకు బ్రేకు లేదు, ఫ్రీవీలు లేదు. చక్రం తిరిగినంతసేపు కాళ్లు తిరగవలసిందే. ఆపదలచితే కాళ్లతోనే వేగం క్రమంగా తగ్గించాలి. పందెం జరిగే బాట పేరు వెలోడ్రోమ్. 2010 కామన్‌వెల్త్ క్రీడల కొరకు ఢిల్లీలో ఇందిరాగాంధీ క్రీడా ప్రాంగణంలో నిర్మించినది 250 మీటర్ల చెక్కబాట. మలుపులలో ఆ బాట నలభై డిగ్రీలకు మించి వాలి, గోడవలె లేచి నిలుస్తుంది. తగినంత వేగం ఉంటే ఆ గోడ మీద సైకిలు అతుక్కొని పోతుంది. భయపడి నెమ్మదిస్తే జారి క్రింద పడుతుంది. మామూలుగా భయం వేసినప్పుడు మనం నెమ్మదిస్తాము. ఇక్కడ భయం వేసినప్పుడే మరింత గట్టిగా తొక్కాలి. పన్నెండు పదమూడేండ్ల పిల్లకు ఈ సంగతి మాటలతో నేర్పలేము. శరీరం తానై నేర్చుకోవాలి, పడి, చెక్కపేళ్లు గుచ్చుకొని, మరల ఎక్కి.

డెబొరా పేరు తెచ్చుకొన్నది 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో. ఆ బాట మీద అది రెండే చుట్లు. ప్రక్కన పోటీదారు ఉండదు. గడియారమే ప్రత్యర్థి. వెనుక చక్రాన్ని యంత్రం పట్టుకొని ఉంటుంది. అంకెలు దిగి సున్నకు రాగానే వదలుతుంది. నిశ్చలంగా ఉన్న బరువైన గేరును మొదటిసారి కదిలించడానికి తొడలలో, నడుములో ఉన్న బలమంతా కావాలి. మొదటి అరచుట్టులో పోయిన క్షణం తరువాత తిరిగిరాదు. రెండవ చుట్టు చివర కాళ్లు రాతికాళ్లవుతాయి. మొత్తం అర నిమిషం పైచిలుకు. ఆ అర నిమిషం కొరకు ఎన్నో సంవత్సరాలు.

ఆ సంవత్సరాలు ఎక్కడ గడిచాయన్నది మరొక ప్రశ్న. దీవిలో చెక్కబాట లేదు. తుహెత్‌లో ముప్ఫైమంది నడుమ పెరిగిన పిల్ల ఢిల్లీ వసతిగృహంలో ఇద్దరు ముగ్గురు పరాయి పిల్లలతో ఒక గదిలో ఉండాలి. చలి ఎరుగని శరీరానికి జనవరి ఢిల్లీ ఎటువంటిదో చెప్పనక్కరలేదు. చేప, కొబ్బరి తిన్న నోటికి రొట్టె, పప్పు. ఇవి చిన్న విషయాలని పెద్దలు అంటారు. ఆటలు నేర్పే వృత్తిలో నేను తెలుసుకొన్నది, పిల్లలు ఇంటికి పారిపోయేది పెద్ద విషయాల వల్ల కాదని, ఇటువంటి చిన్న విషయాల వల్లనేనని.

డెబొరా నిలిచింది. 2014లో ఢిల్లీలో జరిగిన ట్రాక్ ఆసియా కప్‌లో పతకాలు పొందింది. 2015 డిసెంబరు నాటికి 500 మీటర్లలో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య జాబితాలో 4వ స్థానానికి ఎదిగింది. అంతవరకు ఆ పందెంలో భారతీయులెవ్వరూ అంత ఎత్తుకు చేరలేదు. 2016లో లండన్‌లో జరిగిన ప్రపంచ ట్రాక్ పోటీలకు అర్హత పొందింది. అప్పటికి ఆమెకు ఇరువది ఒక్క సంవత్సరాలు.

ఇక్కడ ఎవరైనా ఒక ప్రశ్న వేయవచ్చు. ప్రపంచంలో 4వ స్థానం వచ్చిన పిల్ల 2016 రియో ఒలింపిక్స్‌కు ఎందుకు వెళ్లలేదు? సమాధానం ఆమె కాళ్లలో లేదు, కాగితాలలో ఉన్నది. స్త్రీల 500 మీటర్ల పందెం ఒలింపిక్స్‌లో రెండేసార్లు జరిగింది, 2000లో సిడ్నీలో, 2004 ఆగస్టులో ఏథెన్స్‌లో. ఏథెన్స్‌లో ఆస్ట్రేలియా వనిత ఆనా మియర్స్ 33.952 సెకన్లలో గెలిచి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ తరువాత ఒలింపిక్స్‌లో బి.ఎమ్.ఎక్స్. పందేలకు చోటు కల్పించడం కొరకు ఈ పందెం తొలగించారు. అనగా, ఆ పందెం ఒలింపిక్స్‌లో చివరిసారి జరిగిన నాలుగు నెలలకు డెబొరా ఊరు నీటిపాలయింది. ఆమె సైకిలు పందేలకు రాకముందే ఆమె గెలవగల పందెం అక్కడ లేకుండా పోయింది. స్ప్రింట్, కైరిన్ వంటి పందేలకు ఆమె మారవలసి వచ్చింది. ఇవి గడియారంతో గాక మనుషులతో పోటీ, ఎత్తుకు పైఎత్తు కావాలి. చదరంగం ఆడేవారికి పరుగుపందెం నేర్పినట్లు కాదు గాని, దాదాపు అంత మార్పు. భారతదేశం నుండి సైక్లిస్టులు చివరిసారిగా ఒలింపిక్స్‌కు వెళ్లినది 1964లో, టోక్యోకు. 2024 పారిస్ క్రీడల వరకు మన స్త్రీలలో ఒక్కరైనా ఒలింపిక్స్‌లో సైకిలు తొక్కలేదు. ఆ తలుపు ఇప్పటికీ తెరవలేదు.

2017 ట్రాక్ ఆసియా కప్‌లో డెబొరా కేరళకు చెందిన అలీనా రెజీతో కలిసి టీమ్ స్ప్రింట్ బంగారు పతకం గెలిచింది. ఆ పందెం అప్పట్లో స్త్రీలకు ఇద్దరితో జరిగేది. మొదటి చుట్టు ఒకరు ముందు ఉండి గాలిని తాను చీల్చుతుంది. రెండవ ఆమె ఆమె వెనుక, చక్రానికి చక్రం తగిలీ తగలనంత దగ్గరగా, గాలిచాటున వస్తుంది. చుట్టు పూర్తికాగానే ముందున్నామె ప్రక్కకు తొలగుతుంది. అంతవరకు దాచుకొన్న బలంతో రెండవ ఆమె ఒంటరిగా ముగిస్తుంది. ఒక పిల్ల దీవి నుండి, మరొక పిల్ల కేరళ నుండి. ఒకరి మాతృభాష మరొకరికి రాదు. బ్రేకు లేని సైకిలు మీద ముందుచక్రాన్ని అంత దగ్గరగా నమ్మడానికి భాష కంటె ముందు కావలసింది కలిసి చేసిన అభ్యాసం.

డెబొరా వెనుక మరికొందరు వచ్చారు. నికోబార్ బాలుడు ఎసో ఆల్బెన్ 2018 ఆగస్టులో స్విట్జర్లాండులోని ఎగ్ల్ పట్టణంలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో కైరిన్ పందెంలో రజతం పొందాడు. సైక్లింగ్ ప్రపంచ పోటీలలో, ఏ వయోవిభాగంలోనైనా, భారతదేశానికి అదే మొదటి పతకం. సెకనులో అతి స్వల్పభాగంలో బంగారం తప్పిపోయింది. మరుసటి ఏడు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్-ఆన్-ఓడర్‌లో అతడు, మణిపూర్ బాలురు రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కలిసి జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచారు. ఆస్ట్రేలియా జట్టు రెండవ స్థానంలో నిలిచింది. డెబొరా కంటె ముందు ఏ నికోబార్ పిల్లకైనా ఢిల్లీ ప్రయాణం గాలిలో దీపం. ఆమె తరువాత అది తెలిసిన దారి. తల్లిదండ్రులకు చూపడానికి ఒక పేరు ఉన్నది.

అయితే దారి తెలిసినంతనే ఓడ సమయానికి రాదు. నా అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను. నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న కాలంలో మా బడిలో దక్షిణ దీవుల నుండి వచ్చిన ఒక బాలిక ఉండేది. పేరు చెప్పను. సైకిలు మీద ఆ పిల్ల తొక్కుడు చూసి నేను ఎంతో ఆశపడ్డాను. శలవులకు ఇంటికి వెళ్లింది. జట్టు ఎంపిక జనవరి మొదటివారంలో ఉన్నది. సముద్రం పోటుమీద ఉన్నందున దీవుల మధ్య తిరిగే ఓడ రద్దయింది, తరువాతి ఓడ నాలుగు రోజుల తరువాత. నేను ఎంపిక జరిపేవారి దగ్గరకు వెళ్లి పిల్ల ఓడ మీద ఉన్నదని, రెండు రోజులు గడువు ఇవ్వమని కోరాను. మరొక తేదీ పెట్టే నియమం లేదన్నారు. వారు చెప్పినది నిజమే. నియమం లేదు. ఓడ దిగిన పిల్ల సంచితో నేరుగా మైదానానికే వచ్చింది. మైదానంలో సున్నపుగీతలు తప్ప ఎవరూ లేరు. "మేడమ్, నేను ఆలస్యం చేయలేదు" అన్నది. ఆ మాట నేను ఈనాటికీ మరువలేదు. ఆ సంవత్సరం దాటితే ఆ పిల్ల వయస్సు ఆ విభాగానికి మించిపోతుంది. దాటింది.

ఆమె ఇప్పుడు తన దీవిలోనే ఒక బడిలో ఉపాధ్యాయిని. అప్పుడప్పుడు నాకు ఉత్తరం వ్రాస్తుంది. పోయిన డిసెంబరులో వచ్చిన ఉత్తరంలో, ఎంపికకు వెళ్లవలసిన ఇద్దరు ఆడపిల్లలను పండుగకు ఇంటివద్ద ఉంచకుండా ఒక ఓడ ముందుగానే ఎక్కించినట్లు వ్రాసింది. వారి తల్లులు కోపగించారట. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ పిల్లలు క్రిస్మస్ నాడు మా పాత బడి వంటమనిషి ఇంట భోజనం చేశారట. ఆమె శ్రీకాకుళం మనిషి.