కరెంటు బిల్లులో కనపడని లాభం

ఇవాళ పట్టాలు అందుకుంటున్న ఇంజినీర్లకు, ఆర్కిటెక్టులకు, వైద్యులకు అభినందనలు. మీ మూడు వృత్తులూ కలిసే చోటు మనిషి పడుకునే గది. ఆ గదిని బాగుచేసే పనికి కరెంటు ఆదాను బట్టే విలువ కడుతున్నాం. ఆ లెక్క తప్పని, అందులో ఆరోగ్యాన్ని కూడా చేర్చాలని నా వాదన.

దీనికి గట్టి ఆధారం న్యూజిలాండ్‌లో దొరుకుతుంది. అక్కడ 1978కి ముందు కొత్త ఇళ్లకు ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా అడ్డుకునే పొర) తప్పనిసరి కాదు. అలాంటి చెక్క ఇళ్లలో చలికాలం తెల్లారేసరికి కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి, బీరువా వెనక గోడకు నల్లగా బూజు పడుతుంది. ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్పా హౌడెన్-చాప్‌మన్ బృందం ఏడు ప్రాంతాల్లో, శ్వాస ఇబ్బంది ఉన్నవాళ్లు ఒక్కరైనా ఉన్న 1350 కుటుంబాలను ఎంచుకుంది. లాటరీ పద్ధతిలో కొన్ని ఇళ్లకు ముందుగా, మిగతావాటికి అధ్యయనం ముగిశాక ఇన్సులేషన్ వేయించింది. ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో ఇంధన వాడకం దాదాపు ఐదో వంతు తక్కువగా ఉంది. పిల్లికూతలు, పిల్లలు బడి మానడం, పెద్దలు పనికి సెలవు పెట్టడం కూడా తగ్గాయి.

పడకగదిలో ఉష్ణోగ్రత సగటున పెరిగింది అర డిగ్రీయే కదా, దానికింత ఫలితమా అని అడగవచ్చు. సగటు చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ఒంటికి చేటు చేసేది సగటు కాదు, మరీ చల్లబడిన గంటలు. గది పది డిగ్రీల లోపు ఉండే సమయం రోజుకు దాదాపు గంటా నలభై నిమిషాలు తగ్గింది, తేమా తగ్గింది. మరో అభ్యంతరం ఇంకా బలమైనది: తమ ఇంటికి ఇన్సులేషన్ పడిందని తెలిసినవాళ్లు తమ ఆరోగ్యం గురించి కాస్త ఎక్కువ చేసి చెప్పరా? చెప్పవచ్చు, అందుకే పరికరంతో కొలిచినదాన్నీ చూడాలి. ఆస్తమా ఉన్న పిల్లల ఇళ్లలో మంచి హీటర్లు పెట్టి అదే బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఊపిరితిత్తుల పనితీరు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదు. కానీ రాత్రిళ్లు దగ్గు, బడి మానిన రోజులు తగ్గాయి. కాబట్టి ఇల్లు జబ్బు నయం చేస్తుందని ఎవరికీ హామీ ఇవ్వకండి. బాధ తగ్గిస్తుందని చెప్పండి, అది చిన్న విషయం కాదు.

2009లో న్యూజిలాండ్ ప్రభుత్వం ఇళ్ల ఇన్సులేషన్‌కు సబ్సిడీ పథకం పెట్టింది. ఖర్చుకు సుమారు నాలుగింతల లాభం వచ్చిందని తర్వాతి మదింపులో తేలింది. అందులో సింహభాగం ఆరోగ్యానిదే, ఇంధన ఆదా వాటా స్వల్పం. బిల్లు ఒక్కటే చూసి ఉంటే ఆ పథకం దండగ అనిపించేది. పైగా అద్దె ఇంట్లో ఖర్చు యజమానిది, సుఖం అద్దెకున్నవాళ్లది, కనుక యజమాని తనంతట తాను ముందుకు రాడు. అందుకే 2019లో అద్దె ఇళ్లకు ప్రమాణాలు వచ్చాయి: ముందుగదిని 18 డిగ్రీలకు తేగల హీటర్, ఇన్సులేషన్, వాటితో పాటు గాలి ఆడే ఏర్పాటు. సందులన్నీ మూసేసి గాలి ఆడకుండా చేస్తే బూజును పెంచి పోషించినట్టే.

చలిదేశం కథ మనకెందుకంటారా? ఇక్కడ శత్రువు ఎండ, లెక్క మాత్రం అదే. పగలంతా కాగిన శ్లాబు రాత్రంతా కింది గదిలోకి వేడి దింపుతుంది. ఎండ వేడిని తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. అలాంటి కప్పు లాభాన్ని ఏసీ బిల్లుతోనే కొలిస్తే, ఏసీ లేని ఇంటికి లాభం సున్నా అని తేలుతుంది. ఆ కప్పు అందరికంటే ఎక్కువ అవసరమైనది ఆ ఇంటికే. అయితే న్యూజిలాండ్ అంకెలను తెచ్చి ఇక్కడ అతికించకండి, మన గదుల్లో మనమే కొలవాలి. ఇంజినీర్లూ ఆర్కిటెక్టులూ, కప్పుకు తెల్లరంగు వేయించే ముందూ తర్వాతా రాత్రి ఉష్ణోగ్రత నమోదు చేయండి. వైద్యులారా, దగ్గుతోనో వడదెబ్బతోనో వచ్చిన రోగిని ఏ అంతస్తులో, ఎలాంటి కప్పు కింద పడుకుంటున్నారో అడిగి కేస్ షీటులో రాయండి. ఆ రెండు నమోదులనూ పక్కపక్కన పెట్టి ప్రభుత్వానికి చూపించగలిగితే, నిధులు అడిగే హక్కు మీకు ఉంటుంది.