ఆస్తి ఎవరికి చెందును?

(దుర్గ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కరువు భత్యము గురించియో, బదిలీల గురించియో మాట్లాడుదునని మీరు ఎదురుచూచి ఉందురు. నేడు ఆ విషయములు కావు. ఉద్యోగి మరణించిన పిమ్మట యూనియన్ కార్యాలయపు మెట్లెక్కి వచ్చిన వితంతువు మమ్ములను మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటి కలదు. ‘నామినేషన్ మా అత్తగారి పేర ఉన్నది, ఆ డబ్బు నాకిక రాదా?’ అని. పెండ్లికి ముందు ఉద్యోగములో చేరిననాడు తల్లి పేరు వ్రాసి, తరువాత ఆ కాగితము ముఖము చూడనివారు మనలో ఎందరో కలరు.

నామినీ అనగా డబ్బు పుచ్చుకొనుటకు అధికారము కలవాడే గాని, ఆ కారణముననే దానికి యజమాని కాడు. జాతీయ పొదుపు పత్రముల విషయమున 2000లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పినది. తపాలా సోదరులు కౌంటరు వద్ద ప్రజలకు కూడ దీనిని వివరింపవలెను. 2009లో ఒక బ్యాంకు ఉద్యోగి కేసు వచ్చినది. పెండ్లికి ముందు ఆయన తల్లిని నామినీగా వ్రాసెను. సంతానము లేదు, వీలునామా లేదు. భవిష్యనిధి మొదలగు సొమ్ము వారసత్వ చట్టము ప్రకారమే పంచవలెనని, భార్యకును భాగము కలదని తీర్పు వచ్చినది. జీవిత బీమాకు మాత్రము 2015 సవరణ వేరొక నియమము పెట్టినది. తల్లిదండ్రులు, భార్యాభర్తలు, సంతానము నామినీలుగా ఉన్నచోట దానిని ప్రత్యేకముగా చూచుకొనవలెను.

కుటుంబ పింఛను సంగతి మరియొకటి. ఒక రైల్వే ఉద్యోగి తన సొమ్మంతయు సోదరునికి చెందునట్లు వీలునామా వ్రాసి మరణించెను. భార్య సుప్రీంకోర్టు వరకు పోవలసి వచ్చినది. కుటుంబ పింఛను మృతుని ఆస్తి కాదు, వీలునామాతో ఇచ్చుటకు అది ఆయనది కానే కాదు అని 1991లో న్యాయస్థానము తేల్చినది. రైల్వే సోదరులు ఈ తీర్పును గుర్తుంచుకొనవలెను.

ఇక వాటాలు. ఒక ఉద్యోగి భార్యను, ఒక కుమారుని, ఒక కుమార్తెను విడిచి, వీలునామా లేక మరణించెననుకొందము. స్వార్జితము 24 లక్షలు. ఆయన హిందువైనచో 1956 చట్టము ప్రకారము ముగ్గురికి తలా 8 లక్షలు. హనఫీ ముస్లిమైనచో భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 3 లక్షలు. మిగిలిన 21లో కుమారునికి 14, కుమార్తెకు 7. అయితే పంపకమునకు ముందే అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీరవలెను. చెల్లింపని మహర్ కూడ అప్పే. ఆ బాకీ భార్యకు వాటాకు పైన రావలసినది. ఇది తెలియక విడిచిపెట్టిన తల్లులను చూచితిని.

తల్లిదండ్రులు బ్రదికి ఉన్నచో లెక్క మారును. హిందూ చట్టములో తల్లికి బిడ్డలతో సమానమైన వాటా కలదు. తండ్రికి మాత్రము, వీరు ఉండగా ఏమియు రాదు. ముస్లిం చట్టములో మృతునికి సంతానము ఉన్నపుడు తల్లికి ఆరవ వంతు, తండ్రికి ఆరవ వంతు. ఏది మేలు? ఒక చట్టము కూతురిని సమానముగా చూచి తండ్రిని మరచినది. రెండవది తండ్రిని తలచి కూతురికి సగమే ఇచ్చినది. ఇందులో ఎవరిని ఎవరు వేలెత్తి చూపగలరు?

1937లోనే ఇరువురికి చట్టములు వచ్చినవి. ఒకటి షరియత్ వర్తింపు చట్టము. రెండవది హిందూ వితంతువునకు జీవితకాలము అనుభవించు హక్కు నిచ్చినది. అమ్ముకొను హక్కు పూర్తిగా లేదు. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగలేదని 1951లో అంబేద్కర్ మంత్రిపదవి విడిచెను. 1956లో గాని స్త్రీకి సంపూర్ణ హక్కు రాలేదు. అప్పటికిని పిత్రార్జితమున పుట్టుకతో హక్కు కుమారులదే. ఆంధ్రప్రదేశ్ శాసనము, 1985 సెప్టెంబరు 5 నుండి, అవివాహితలైన కుమార్తెలకు ఆ హక్కు నిచ్చినది. ఈ దుర్గ్ నాడు మధ్యప్రదేశ్‌లో ఉండెను. ఇచ్చట అట్టి సవరణ లేదు. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతట పెండ్లి అయినను కాకపోయినను కుమార్తెకు పుట్టుకతోనే హక్కు. ఆనాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా జరిగిన పంపకములను మాత్రము తిరుగదోడరాదు.

చట్టము ఇట్లున్నది, మన ఇండ్లలో జరుగునది వేరు. భిలాయి కార్ఖానా నాటి నుండి శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల వారు ఇచ్చట స్థిరపడిరి. ఊరిలో రెండెకరాలు, కొబ్బరి చెట్లు ఉండిపోయినవి. తండ్రి పోయిన పదునొకండవ నాటికే అన్న విడుదల దస్తావేజు తెచ్చి, ‘పసుపు కుంకుమలకు ఇచ్చితిమి గదా, సంతకము పెట్టు తల్లీ’ అనును. ఆమె పుట్టింటి గుమ్మము మూసుకొనిపోవునేమోనన్న భయముతో వ్రేలిముద్ర వేయును. ముస్లిం ఇండ్లలోను ఇదే కథ. మతగ్రంథమే ఇచ్చిన వాటాను చెల్లెలు అన్నకు వదలివేయును. చదువుకొన్న మన ఉద్యోగులే ఈ పని చేయించుచున్నారనుట నాకు సిగ్గుచేటు.

రెండు గడ్డు సందర్భములు చెప్పి విరమింతును. ముస్లిం కుటుంబమున తండ్రికంటె ముందు ఒక కుమారుడు మరణించి, మరియొక కుమారుడు జీవించి ఉన్నచో, అనాథలైన మనుమలకు తాత ఆస్తిలో వాటా రాదు. హిందువులలో తండ్రి వాటా వారికి వచ్చును. కావున ముస్లిం తాత జీవించి ఉండగనే వారి పేర మూడవ వంతు లోపల వసీయత్ వ్రాయవలెను, లేదా స్వాధీనముతో హిబా ఇయ్యవలెను.

రెండవది మన మహిళా ఉద్యోగులది. సంతానము లేని హిందూ వితంతువు తన కష్టముతో సంపాదించినది, వీలునామా లేనిచో, కన్నతల్లికి గాక భర్త వారసులకు పోవును. అత్తవారు ఇంటినుండి వెడలగొట్టగా పుట్టింట చేరి చదువుకొని ఉద్యోగము చేసిన ఒకామె విషయమున 2009లో సుప్రీంకోర్టు ఇట్లే తీర్పు చెప్పినది. జాలి వేరు, చట్టము వేరు అన్నట్లు ముగిసినది ఆ కేసు. ఇట్టివారు తెల్లకాగితముపై వీలునామా వ్రాసి, ఇద్దరు సాక్షులయెదుట సంతకము పెట్టి, వారిచేతను పెట్టించిన చాలును. స్టాంపు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ నిర్బంధము కాదు.

క్వార్టరు గురించి ఎవరో చీటీ పంపిరి. క్వార్టరు ప్రభుత్వముది, బాబూ, దానికి వారసులు లేరు. వచ్చే ఆదివారము ఉదయము యూనియన్ కార్యాలయమున నామినేషన్ కాగితములు సరిచూతుము. సర్వీసు పుస్తకపు నకలుతోపాటు భార్యలను కూడ వెంటబెట్టుకొని రండు.