దైవం పూనితేనే భూమి దక్కాలా?

(మడకశిరలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మడకశిరకు మూడువైపులా కర్ణాటకే. ఇక్కడి ఇళ్ళల్లో తెలుగూ కన్నడమూ రెండూ వినిపిస్తాయి. అందుకే ‘కాంతార’ గురించి ఇక్కడ మాట్లాడుకోవడం సబబు.

రిషబ్ శెట్టి తీసిన ఈ సినిమా 2022లో కన్నడంలో వచ్చి, వెంటనే తెలుగులోనూ బాగా ఆడింది. 1847లో ఒక రాజు పంజుర్లి దైవం శిల కోసం తన అడవి భూమిని ఊరికి ఇచ్చేస్తాడు. తర్వాతి తరాల దొరలు దాన్ని లాక్కోబోతే దైవం పూని అడ్డుకుంటుంది. పేదల భూమి సమస్య చెప్పింది గనుక మనలో చాలామందిమి మెచ్చుకున్నాం. భూతకోల ఆదివాసుల ఆచారమా, హిందూ మతంలో భాగమా అని పెద్ద వాదన కూడా నడిచింది. కథానాయకుడు లీల నడుము గిల్లడాన్ని కొందరు తప్పుపట్టారు గానీ, మతం వాదనలో ఆ మాట వెనకబడిపోయింది.

లీల ఆ ఊరి పిల్లే. అటవీశాఖలో గార్డు ఉద్యోగం తెచ్చుకుంది. ఇష్టం అడగకుండా ఒంటిమీద చెయ్యి వేస్తే సినిమా దాన్ని సరసం అంటుంది. ఉద్యోగం కొద్దీ కంచె పనిలో నిలబడితే సొంతవాళ్ళే శత్రువులా చూస్తారు. ఊరందరి తరఫున పలికే దైవం ఆమె తరఫున ఒక్క మాట పలకదు.

మన వైపు దైవం పేరుతో ఏం జరిగింది? అనంతపురం, కర్నూలు, బళ్ళారి ప్రాంతాల్లో కొడుకులు లేని ఇంట్లో కూతుర్ని బసివిగా విడిచేవాళ్ళు. ఆమెకు కొడుకులాగా ఆస్తి, తలకొరివి పెట్టే హక్కు. బదులుగా ఆమెకు పెళ్ళి లేదు, తన శరీరం మీద తనకు హక్కు లేదు. రాష్ట్రం 1988లో చట్టం చేసి దీన్ని నిషేధించింది. ఆడపిల్లకు వాటా దక్కాలంటే అంత ధర అడిగింది దైవం కాదు, పెద్దమనుషులు.

ఈనాడు వాటాకు ఏ పూనకమూ అక్కర్లేదు. 1985 నుంచి మన రాష్ట్ర చట్టం, 2005 నుంచి కేంద్ర చట్టం హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి.

సినిమా చూడవద్దని నేను అనను. చూసొచ్చాక మీ సంఘంలో ఒక్క ప్రశ్న అడగండి: మన ఇంటి పాసుపుస్తకంలో ఎవరి పేరుంది?