బార్జెల్లో బొంత: గుడ్డల ఎంపిక, వరుస
(కుట్టు తరగతుల సభలో చేసిన ప్రసంగం)



"ఈ ఇటలీ కుట్టు మన ఆడపిల్లలకెందుకమ్మా, జాకెట్లు నేర్పితే చాలదా?" అని పెద్దలొకరు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని జాకెట్లు కుట్టేవారు వీధికి నలుగురున్నారు. చీరలకు ఫాల్సు కుడితే దారం ఖర్చు పోను చేతికి వచ్చేది ఏపాటిదో మీకు తెలియనిది కాదు. బార్జెల్లోలో వంకర కోత ఒక్కటీ లేదు. అన్నీ తిన్నని కోతలు, తిన్నని కుట్లు. అయినా పూర్తయ్యాక బొంత మీద అలలు లేచి పడుతున్నట్టు కనబడుతుంది. మూడు నెలలు మిషను తొక్కిన పిల్ల దీన్ని కుట్టగలదు. ముందు ఆలోచన మాత్రం ఉండాలి. అది లేకుంటే ఇరవై గుడ్డలూ దండగ.

ఈ పేరు ఇటలీలోని ఫ్లారెన్సు నగరం నుంచి వచ్చినది. అక్కడ బార్జెల్లో అనే పాత భవనం ఒకప్పుడు చెరసాల, 1865 నుంచి మ్యూజియం. అందులోని 17వ శతాబ్దపు కుర్చీల మీద నిలువు కుట్లు మెట్లుగా ఎక్కుతూ దిగుతూ మంటల ఆకారంలో ఉంటాయి. అక్కడ దారం చేసిన పనిని ఇక్కడ గుడ్డముక్కలు చేస్తాయి, అంతే.

ఇక లెక్క. ఇరవై రకాల గుడ్డలు కావాలి. 44 అంగుళాల పన్నాకు అడ్డంగా ఒక్కో రకం నుంచి రెండున్నర అంగుళాల పట్టీలు రెండు కోస్తాము. రకానికి అయిదు అంగుళాలే గనుక మొత్తం వంద అంగుళాలు, అంటే రెండున్నర మీటర్ల పైచిలుకు. ఇరవై పట్టీలను వరుసగా కలిపి కుడితే, ప్రతి అంచుకూ పావు అంగుళం పోగా, 40 అంగుళాలు వస్తుంది. మొదటి పట్టీని చివరి పట్టీకి కలిపి కుట్టేయండి. లుంగీ మాదిరి గొట్టమవుతుంది. ఇలాంటి లుంగీలు రెండు.

ఈ లుంగీని అడ్డంగా చుట్లు చుట్లుగా కోయాలి. మొదటి చుట్టును ఒకటో గుడ్డ పైన కుట్టు విప్పి తెరుస్తాము, రెండోదాన్ని రెండో గుడ్డ పైన, మూడోదాన్ని మూడో గుడ్డ పైన. పక్కపక్కన పెడితే ప్రతి రంగూ ఒక్కో మెట్టు పైకి పోతుంది. వెనక్కి లెక్కబెడితే దిగుతుంది. చుట్టు అంగుళమే అయితే కుట్టాక అరంగుళం మిగిలి అల నిటారుగా లేస్తుంది. మూడంగుళాలైతే నిదానంగా ఒంగుతుంది. కనుక ఎక్కే చోట సన్నవి, శిఖరం దగ్గర వెడల్పువి ఉండాలి. సగటున రెండంగుళాల చొప్పున లుంగీకి 21 చుట్లు, రెండింటికీ కలిపి 63 అంగుళాలు. నాలుగంగుళాల బోర్డరు వేస్తే 48కి 71, ఒక మనిషి మంచానికి సరిపోతుంది.

గుడ్డలు అన్నీ ఒకే మందం నూలువి కావాలి. ముందే తడిపి ఆరవేయండి. ఎరుపు, నీలం రంగు దిగుతాయేమో అప్పుడే బయటపడుతుంది. పెద్ద పువ్వులు ముక్కల్లో ఏమిటో తెలియకుండా పోతాయి. చిన్న చుక్కలు, చిన్న పువ్వులు మేలు. పాత చీరలు మన మామూలు బొంతకు బంగారమే గాని దీనికి వద్దు. కుట్టు విప్పేటప్పుడు పిగిలిపోతాయి.

అసలు సంగతి వరుస. రంగు ఏదని కాదు, ఎంత ముదురు, ఎంత లేత అని చూడాలి. గుడ్డలు పరచి కళ్ళు సగం మూసి చూడండి, లేదా ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీయండి. ముదురు ఆకుపచ్చ, ముదురు ఎరుపు అందులో ఒకటైపోతాయి. లేత నుంచి ముదురుకు పోయి అక్కడే ఆపితే, లుంగీ కలిసిన చోట రెంటికీ మధ్య గీత కొట్టినట్టుంటుంది. కొందరికి అదే ఇష్టం. వద్దనుకుంటే మళ్ళీ లేతకు తీసుకురండి. ఇంకో మాట: గుడ్డలు సరిసంఖ్యలోనే ఉండాలి. సరిసంఖ్య గుడ్డల వైపుకే కుట్లన్నీ మడిచి ఇస్త్రీ చేస్తే, చుట్లు కలిపేటప్పుడు కుట్టు కుట్టుకు ఎదురుగా కూర్చుంటుంది. ఇరవైకి బదులు పందొమ్మిది తీసుకుంటే ఒకచోట ఈ లెక్క తప్పుతుంది.

ముక్కలను అట్టకు అంటించి ఒకటి నుంచి ఇరవై దాకా నంబరు వేయండి. గ్రాఫు కాగితం మీద నిలువు వరుస ఒక చుట్టు. పైన ఏ గుడ్డ, కింద ఎన్ని అంగుళాలు అని రాసుకోండి. ఒకసారి కోశాక కత్తెర వెనక్కి రాదు.

అమ్మదలచినవారికి ఒక మనవి. అడుగు గుడ్డ నాలుగు మీటర్లు, బోర్డరుకు ముప్పాతిక, దూది, ఆపైన మీ రోజుకూలి ఎన్ని రోజులైతే అన్ని రోజులకూ వేసుకోండి. "బొంతే కదా" అని బేరమాడేవారికి పాత చీరల బొంత చూపించండి, ఇది చూపించవద్దు.

గ్రాఫు కాగితాలు బయట బల్ల మీద ఉన్నవి. కావలసినవారు తలా రెండు తీసుకోవచ్చును.