రాజగృహమున చిత్రశాల

విశాఖ సముద్రతీరమున జయపురం ప్రభువులు కట్టించిన హవా మహల్‌ను మనలో చాలమంది వెలుపలినుండి చూచియే యుందుము. రాజుల మేడ ప్రజల చిత్రశాల యైనచో ఎట్లుండునో మేము ఢిల్లీలోని జైపూర్ హౌస్‌లో చూచితిమి. పేర్లు దగ్గరివేగాని సంస్థానములు వేరు. ఇది రాజస్థానమునందలి జైపూర్ మహారాజుగారికై 1936లో ఇండియా గేటు చెంత కట్టిన భవనము. నడుమ గుమ్మటము, ఇరుప్రక్కల సీతాకోకచిలుక రెక్కలవలె విచ్చుకొన్న భాగములు.

1954 మార్చి 29న ఇచట జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలను ప్రారంభించినవారు నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. 1931 నుండి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులు వారే. మన జయపురం మహారాజా విక్రమదేవవర్మగారి విరాళముతో అచట శాస్త్ర కళాశాల వెలసినదియు ఆ కాలముననే.

అమృతా షేర్‌గిల్ 1935లో చిత్రించిన ‘ముగ్గురు బాలికలు’ ఎదుట మేము చాలసేపు నిలిచితిమి. వస్త్రములు కాంతిమంతములు, ముఖములు దిగులుతో నిండినవి. పురాణగాథ లేదు, రాజవైభవము లేదు. రాజుగారి యింట ఇప్పుడు గౌరవస్థానము కిరీటము లేని ఈ బాలికలది. ఇట్టిచోట ఒక్కపూటలో గదులన్నియు తిరుగుటకంటె నాలుగు చిత్రములను నిదానముగా చూచుట మేలు.

హవా మహల్‌లోను అప్పుడప్పుడు ప్రదర్శనలు జరుగుచుండును. అవి ముగియగనే చిత్రములు ఇండ్లకు మరలును. ఓడరేవును, ఉక్కు కర్మాగారమును సాధించుకొన్న నగరమునకు, తన చిత్రకారుల కృతులు నిత్యము నిలుచుటకు ఒక గోడ సమకూర్చుకొనుట అసాధ్యమా?